బిడ్డ పేరు ఇంకోసారి సెప్పు

హలో… లోకేశ్వరేనా?… ఆ, నేనే. మీ అత్తను, గురవమ్మను.

లేదు, ఇంట్లో లేను… తిరపతి బస్టాండులో ఉండా.

పని మధ్యలో పిలిపించినానని తెలుసు మ్మే. మీ సూపర్‌వైజరును నేనే బతిమాలినా, అర్జెంటని… సెప్తా, సెప్తా. ముందు నువ్వు కూర్చో. కూర్చున్నావా?…

బిడ్డ కనపడలేదు.

…

లోకేశ్వరీ… మ్మే… ఉండావా?

కార్వేటినగరంలో మా అక్కను సూసొద్దామని తీసకచ్చినా. ఈడ బస్సు మారదామని దిగినాక అరటిపండు అడిగింది. కొంగు పట్టుకోమని సెప్పి, పండ్లామె దగ్గిర రెండు పండ్లు తీసుకొని తిరిగి సూస్తే… కొంగుండాది, బిడ్డ లేదు.

ఎంతసేపా… గంట… గంట పైనే…

తిట్టు. తిట్టినా పడతా. ఏమని సెప్పేది నీకు? నీకు తెలిసేలోపలే దొరికేస్తాదిలే అని ప్లాట్‌ఫారాలన్నీ తిరిగినా. కక్కసుల్లో సూసినా. బస్సుల కింద వంగి సూసినా మ్మే…

మునికృష్ణకు ఫోను సేసినా. నా కొడుకు ఎప్పుడెత్తినాడు? లారీ లోడు తోలుకొని యాడుండాడో ఏమో.

ఆ, పోలీసాయన పక్కనే ఉండాడు. మైకులో కూడా సెప్పించినాడు, మూడుసార్లు…

ఏం పేరనా?…

…

మునెమ్మ అని సెప్పినా.

నేను పిలిసేది అట్లే గదా… మా అమ్మ పేరు… తెలుసు మ్మే, ఆధార్‌లో అది లేదని తెలుసు. అందుకే నీకు సేసింది. ఈయన అంగన్‌వాడీలో రాయించిన పేరే కావాలంటాండాడు. హన్నానా, హానీనా… నాకు సరిగ్గా రాలేదు.

నాలుగేండ్లయినా రాదా అంటే… నేను రానిస్తే గదా వచ్చేది! ఆ పేరును నోటి దగ్గిరికే రానీలేదు. ఆస్పత్రిలో నువ్వు ఫస్టు సెప్పినప్పుడే హాని అన్నట్టే వినపడింది నాకు. వీధిలో ఆడోళ్లు కూడా అన్నారు, పసిబిడ్డను పట్టుకొని ఎవురైనా హాని, హాని అని పిలస్తారా అని…

అవును. జపాను మాట, పువ్వు అని అర్థం. నువ్వు అప్పుడే సెప్పినావు. మీ కంపెనీకొచ్చిన జపానామె పేరు. ఏడో నెల కడుపుతో నువ్వు నిలబడి పని సేస్తావుంటే, ఆయమ్మ తన కుర్చీ తెచ్చి నీకేసిందని… పలకతా ఉంటే నోట్లో బెల్లం కరిగినట్టు ఉంటాదంటివి ఆ పేరు… నాకన్నీ గుర్తుండాయి. నేనే ఇనలేదు. ఆ పేరుతో పిలిస్తే బిడ్డకు ఏమన్నా అయిపోతాదని భయం.

పిలవకుండానే అయ్యింది సూడు…

ఏడవద్దు. ఏడవకుండా ఇంకోసారి సెప్పు. మెల్లగా…

హా… నా.

హానా.

సారూ… హానా అంట సారూ. హా, నా… అవును సారూ, నాలుగేండ్ల ఆడబిడ్డ…

ఏమైంది సారూ? ఏంటికట్ల లేసినారు?

లోకేశ్వరీ, పెట్టొద్దు, పెట్టొద్దు… ఆయన ఎవురికో ఫోను సేస్తాండాడు… నాకు భయంగా ఉండాది మ్మే…

అరగంట ముందర ఈడికొక కబురొచ్చింది. పుత్తూరు బస్సులో ఒక పాప ఒంటిగా ఉండాదని కండక్టరమ్మ సెప్పిందంట. నేను లేసి నిలబడినా. ‘పేరు వేరేమ్మా, సాయిబుల పాపలాగుంది, మీ మునెమ్మ కాదు’ అన్నాడు. కూర్చున్నా మ్మే! హానా అని నా మనవరాలి పేరే ఈయన పుస్తకంలో రాసిపెట్టుకోనుంటే, దాని పక్కనే కూర్చోనుండా అరగంట…

లేదు, ఇంకా ఖాయం కాదు. ఆ పేరుండే బిడ్డలు ఎందరుండారో… ఉండు, ఏదో అడగతాండాడు… పచ్చగౌను సారూ. ఎడమకాలికి నల్లదారం… నేనే కట్టినా… ఆ?… ఉండాదంటనా?…

ఉండాదంట మ్మే. నల్లదారం ఉండాదంట.

…

ఈడ గోడకు ఆనుకున్నా.

వడమాలపేట స్టేషన్లో అప్పజెప్పి పోయినారంట. ఎవురో పిల్లలోళ్ల ఎనకాల ఎక్కేసింది. ఆడ లేడీ కానిస్టేబులు ఒళ్లో ఉండాది. ఊరడిగినా, అమ్మనడిగినా ఒకటే ఏడుపంట. పేరొక్కటే సెప్పిందంట…

ఆయమ్మే ఈ సారు ఫోనులో ఉండాది. బిడ్డ సెవికాడ పెడతాదంట, నన్ను పిలవమంటాండాది. నువ్వు గూడా ఇను, రెండు ఫోన్లూ ఒకచోట పెట్టినా…

హానా… హానమ్మా… నేను, అవ్వను…

…

హానా, అవ్వను తల్లీ. పలుకు తల్లీ…

…

ఇన్నావా? ఇన్నావా లోకేశ్వరీ? ఒంటికి పోవాలంట! నా తల్లి, ఒంటికి పోవాలంట!… అమ్మా, కానిస్టేబులమ్మా, బిరీన తీసకపోండమ్మా, గౌను తడిస్తే ఇంకా ఏడస్తాది…

ఇంక ఊరుకో మ్మే. దొరికింది. నువ్వట్ల ఏడిస్తే నేను నిలబడలేను… రేణిగుంట నుంచి నీకు దగ్గిర గదా, ఆటో మాట్లాడుకొని పో. నేను ఈ సారు జీపులో వస్తాండా.

రాకుండా ఎట్లుంటా? నీ ముఖం సూడాలంటే భయమే. అయినా వస్తా… ఆడికొచ్చినాక ఏమన్నా అను. బిడ్డను ఇంక నా దగ్గిర వదలనన్నా సరే…

ఏమంటివి?…

…

తిన్నానా అనా?… ఒక అరటిపండు తిన్నాలే. ఒంట్లో సెక్కరేం పడిపోలేదు, కండ్లు తిరగలేదు. నా సంగతి ఇప్పుడెందుకు మ్మే…

జీపొచ్చింది. నువ్వే పెట్టు. నాకు ఏది నొక్కాలో కనపడలేదు… పెట్టు తల్లీ, పెట్టి పరిగెత్తు—