లోస్టాఫ్ట్ పేరు బిళ్ల

అమెరికాలోని అల్ఫారెట్టాలో ఒక మధ్యాహ్నం. బయటికి వెళ్లిన రత్నం చేతిసంచీతో అప్పుడే ఇంట్లోకి అడుగు పెట్టింది. కూతురు స్రవంతి హాల్లో షెల్ఫ్ ముందు నిలబడి ఉంది.

“అమ్మా, ఇక్కడుండాలి. ఎక్కడ పెట్టావ్?”

“ఏదే?”

“బిళ్ల. పింగాణీ బిళ్ల. పొద్దున ఇక్కడే ఉంది. నేను రెండు గంటలు పడుకుని లేచేసరికి లేదు.”

“ముందు కాస్త అన్నం తిను. మిరియాల చారు పెట్టాను. నెల తిరగని బాలింతవి, అంతంతసేపు నిలబడకూడదు.”

“అన్నం తర్వాత. బిళ్ల ఏది?”

“దుమ్ము దులుపుతూ ఎక్కడో పెట్టుంటాను. ఈ మధ్య అన్నీ మరిచిపోతున్నాను.”

“సోఫా జరిపి చూశాను. ట్రాష్ డబ్బా బోర్లించి చూశాను. నీ అల్లుడికి ఫోన్ చేశాను, ఫణి కూడా ముట్టుకోలేదన్నాడు. ఇంట్లో ఇంకెవరున్నారు?”

“పోనీ, పగిలిందనుకో.”

“పగిలిందా?”

“పగిలిందనుకో అన్నాను.”

“పగిలితే ముక్కలివ్వు, అతికించుకుంటాను. ముక్కలైనా ఇవ్వమ్మా.”

“అంతలా ఏడవకే. మన పక్కింటి డొరొతీగారిని అడిగితే ఇంకోటి చేసివ్వదూ?”

“ఆవిడకి ఎనభై రెండేళ్లు. చేతులు వణుకుతాయి. పాప పేరు కుదురుగా రాయడానికి మూడు బిళ్లలు పాడుచేసుకుంది. నాలుగోది ఇచ్చింది. అయినా అదేంటో నీకు చెప్పాను కదా.”

“ఏదో ఇంగ్లీషు వాళ్ల ఊరన్నావు.”

“లోస్టాఫ్ట్. సముద్రం ఒడ్డున ఊరు. రెండొందల ఏళ్ల కిందట అక్కడ పింగాణీ ఫ్యాక్టరీ ఉండేది. టీ కప్పులూ జగ్గులూ చేసేవాళ్లు. ఊళ్లో బిడ్డ పుడితే అరచేతిలో పట్టేంత బిళ్ల చేసి, బిడ్డ పేరూ పుట్టిన తేదీ రాసి కాల్చి ఇచ్చేవాళ్లు. ఆ బిడ్డలెవరూ లేరిప్పుడు. పెరిగి పెద్దయినవాళ్లూ లేరు, పురిట్లో పోయినవాళ్లూ లేరు. పేర్లు మాత్రం ఉన్నాయి. డొరొతీ ముత్తాతలది ఆ ఊరే. అందుకే, ఆస్పత్రి నుంచి ఒట్టి చేతుల్తో వచ్చానని నాకలా చేసిచ్చింది.”

“మంచి మనిషే, కాదన్నానా. కానీ వాళ్ల పద్ధతులు వాళ్లవి.”

“అంటే నువ్వే తీశావు.”

“గొంతు పెంచకు, కుట్లు పచ్చిగా ఉన్నాయి.”

“నువ్వే తీశావు. ఎక్కడ పడేశావ్?”

“పడేయడం ఏంటే? పసిదాని పేరు పడేస్తానా? మీ పిన్ని ఫోన్ చేసింది. బారసాల కాని బిడ్డకి పేరుండదట. లేని పేరు రాసి ఇంట్లో పెట్టుకుంటే ఆ ప్రాణం ఇక్కడే తిరుగుతుంది, నీకు మళ్లీ కడుపు నిలవదు అంది. పారే నీళ్లలో విడిచిపెట్టమంది. అందుకని... వాగు దాకా నడిచెళ్లాను.”

“విడిచిపెట్టావా?”

“చారు చల్లారిపోతోంది.”

“అమ్మా, ఏ చోట? చెక్క వంతెన దగ్గరా, పార్కింగ్ దగ్గరా? కారు తాళాలేవి? నేను దిగి వెతుకుతాను.”

“పచ్చి ఒంటితో చన్నీళ్లలో దిగుతావా? పిచ్చేమైనా పట్టిందా నీకు?”

“పిచ్చే. నర్సు బర్త్ సర్టిఫికెట్ ఫారం తెచ్చినప్పుడు పేరు రాస్తానన్నాను. నువ్వే వద్దన్నావు. పదకొండో రోజున బియ్యంలో రాశాకే పిలవాలన్నావు. నీ మాట విన్నాను. పేరు దగ్గర ఖాళీ వదిలేసి ఇచ్చాను. తొమ్మిదో రోజున వెళ్లిపోయింది. ఇప్పుడు ప్రతి కాగితం మీదా ఏముందో తెలుసా? బేబీ గర్ల్. చేతికి కట్టిన బ్యాండ్ మీద బేబీ గర్ల్. డెత్ సర్టిఫికెట్ మీదా అదే. రిషిత అని ఈ భూమ్మీద ఒక్క చోటే ఉందమ్మా. ఆ ఒక్కటీ తీసుకెళ్లి నువ్వు వాగులో...”

“వేయలేదు.”

“ఏంటీ?”

“వేయలేదే. గట్టు మీద గంట కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఇదిగో, సంచీలో తువ్వాల్లో చుట్టి ఉంది. తీసుకో. మెల్లిగా.”

“అమ్మా... ఇంతసేపూ చెప్పవేం? నా ప్రాణం తోడేశావు.”

“రేపైనా ధైర్యం చేసి వేద్దామనుకున్నాను. నువ్విలా అయిపోతావనుకోలేదు.”

“రేపు మళ్లీ పిన్ని అడుగుతుంది. ఏం చెబుతావు?”

“దానికేం తెలుసు? నా బిడ్డ పోయినప్పుడు అది బడికెళ్లే పిల్ల.”

“నీ బిడ్డ పోవడమేంటి?”

“నీకంటే రెండేళ్ల ముందు. ఆడపిల్లే. ఆరు రోజులుంది.”

“నాకెప్పుడూ చెప్పలేదు.”

“ఎవరికీ చెప్పలేదు, చెప్పనివ్వలేదు. పేరైనా లేని బిడ్డకి ఏడుపేంటని మీ నాన్నమ్మ కసిరింది. పేరెందుకు లేదు, కడుపులో ఉండగానే అనుకున్నాను. తర్వాత నువ్వు పుడితే, దక్కాలంటే పెంటమ్మ అని పెట్టమని పట్టుబట్టిందావిడ. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు అన్నం మానేసి నా మాట నెగ్గించుకున్నాను.”

“ఆ పాపకి ఏం పేరు అనుకున్నావమ్మా?”

“స్రవంతి అనే. రోజూ పిలుచుకోడానికి నీకు పెట్టుకున్నాను.”