బుట్టలో పీతలు

ఆసుపత్రి వార్డులో పీతల వ్యాపారి చేతికి సెలైన్ ఎక్కుతోంది. నర్సు మంచం పక్కన నిలబడి అడుగుతోంది.

“ఉడికించే తిన్నానంటున్నారు కదా బాబాయ్, మరి ఈ వాంతులూ విరేచనాలూ ఎక్కడివి?”

“పచ్చివి తినడానికి నేనేమన్నా పిల్లినా తల్లీ? శుభ్రంగా ఉడికించాను.”

“ఉడికించాక ఎందులో పెట్టారు?”

“తెచ్చిన బుట్టలోనే. పైన కాస్త సముద్రపు నీళ్లు చల్లాను. పెంకు నిగనిగలాడుతుంది. అంగట్లో అలవాటు.”

“అదీ సంగతి! పచ్చి పీతల మీదా ఆ నీళ్లలోనూ ఉన్న సూక్ష్మజీవులు ఉడికినవాటికి మళ్లీ పట్టాయి. అయినా ఇంట్లో తినేవాటికి నిగనిగలెందుకు?”

“తమ్ముడి కుటుంబాన్ని భోజనానికి పిలిచాను. వాడికీ నాకూ మాటల్లేక చాలా కాలమైంది.”

“అయ్యో, వాళ్లకెలా ఉంది? వెంటనే ఇక్కడికి రమ్మనండి!”

“కంగారుపడకు. ఎవరూ రాలేదు. పొద్దుగూకేదాకా వీధిగుమ్మం వైపు చూసి, పారేయడానికి మనసొప్పక నేనే తిన్నాను. చిన్నపిల్లలున్న ఇల్లమ్మా వాడిది. రాకపోవడమే లాభమైంది.”

“మరి ఆయనకు ఫోన్ చెయ్యనా? మీ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా.”

వ్యాపారి రెండో చెయ్యి అడ్డంగా ఊపాడు.

“వద్దులే. సంగతి తెలిస్తే, మేం రాకపోవడమే మంచిదైందంటాడు. ఆ మాట వాడి నోట వినేకంటే, నాలో నేనే అనుకుని ఊరుకోవడం చౌక.”