కిటికీలోంచి విసిరిన తువ్వాలు

సర్లే, కూర్చో అన్నయ్యా. ఆ కుర్చీ కాదు, దానికి కాలు విరిగింది. కొత్తది పంపిస్తామని మీ హెడ్డాఫీసు వాళ్ళు ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నారు. ఎందుకు పంపలేదో ఇప్పుడర్థమైంది. మూసేసే కొట్టుకి ఎవడైనా సున్నం కొట్టిస్తాడా?

పొద్దున మన విమానంలోనే దిగావు. నా చెవిలో ఆ మాట ఊదావు. గెస్టుహౌసుకెళ్ళి స్నానం చేసి, చొక్కా మార్చుకొచ్చావు. బాగుంది. నాకింకా ఆ మాట గొంతు దిగలేదు.

ఏమన్నావ్? "వచ్చే సీజన్నుంచి మీ విమానం ఉండదు, అందాకా ఎలాగోలా నడిపించు, ఎవరికీ చెప్పకు." అంతేగా?

అబ్బ, స్లాటంటే ఏంటో నాకు చెప్పకు! ఎంత చిన్న ఎయిర్‌పోర్టయితేనేం, ఇక్కడ మీ కంపెనీకి మేనేజర్ని నేను. మీ పెద్ద ఎయిర్‌పోర్టులో రన్‌వే ఖాళీ ఉండదు. దిగడానికీ లేవడానికీ ఒక్కో కంపెనీకి ఒక టైము ఇస్తారు. ఆ టైముకి నడపకుండా మాటిమాటికీ ఎగ్గొడితే లాక్కుని ఇంకొకడికిచ్చేస్తారు. అవునా? మీకేమో విదేశాలకెళ్ళే పెద్ద విమానానికి పొద్దుటి టైము కావాలి. ఆ విమానమేమో ఇంకా చేతికి రాలేదు. అందాకా ఆ టైముని కాచుకోవడానికి మేం దొరికాం!

చిన్నప్పుడు బస్సు రాగానే నువ్వు పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపేవాడివి, గుర్తుందా? మా అన్న నాకోసం ఆపాడని ఎంత మురిసిపోయేదాన్నో! ఈసారి ఆ తువ్వాలు నేనేనన్నమాట.

నవ్వకు. నేను జోకెయ్యలేదు.

"చెల్లీ, ఇది మూణ్ణాళ్ళ ముచ్చటే" అని ఒక్క మాట ఈ విమానం మొదలెట్టినప్పుడే చెప్పొచ్చుగా? చెప్పలేదు సరికదా, ఏమన్నావ్? "మీ ఊళ్ళో ఎక్కినవాడు మా హబ్బులో, అంటే మా పెద్ద ఎయిర్‌పోర్టులో దిగి, అక్కణ్ణుంచి ప్రపంచంలో ఎక్కడికైనా వెళ్తాడు. ఇరుసు చుట్టూ ఆకుల్లేకుండా బండిచక్రం నిలబడుతుందా?" అన్నావు. నేను నమ్మాను. నమ్మి ఊరుకున్నానా, ఊరంతా చాటింపు వేశాను! పొద్దున నీ పెట్టె మోశాడే లోడింగు మేస్త్రి, ఆయన రేవులో పర్మనెంటు ఉద్యోగం వదులుకుని వచ్చాడు. ఎవరి మాట మీద? నా మాట మీద. మరి నేను ఎవరి మాట మీద చెప్పాను?

ఆ ఫోన్ పక్కన పెట్టు.

మొన్న వానల్లో విమానమెక్కించే మెట్ల బండి చెడిపోయింది. సీట్లు సగం ఖాళీ. హాయిగా రద్దు చేసెయ్యొచ్చు. కానీ మేస్త్రీ, నేనూ, టికెట్ల పిల్లా కలిసి ఆ పాత ఇనప మెట్లు తోసుకుంటూ తీసుకెళ్ళాం. నా చీర కుచ్చిళ్ళు చక్రంలో పడి చిరిగిపోయాయి. నువ్వు ఫోన్ చేసి, "శభాష్, నీవల్లే నిలబడింది" అన్నావు. ఏది నిలబడిందో తెలీక, ఆ మాట వీళ్ళందరికీ చెప్పుకుని పొంగిపోయాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

ఏంటీ? నాకు హెడ్డాఫీసులో సీటు చూస్తావా? మరి వీళ్ళకి?

ఊఁ. అర్థమైంది.

సరే, నీ మాటకి నా జవాబు. నువ్వు స్నానానికెళ్ళగానే అందర్నీ ఈ గదిలోకి పిలిచి చెప్పేశాను. మన విమానం పోతోంది, ఇప్పట్నుంచే వేరే పని వెతుక్కోండి అని. రేపు వస్తారో మానేస్తారో వాళ్ళిష్టం. రాకపోతే విమానం లేవదు. నీ స్లాటు పోతే పోనీ. ఈసారి మాత్రం నేను మెట్లు తొయ్యను.

అరవకు. బయటికి వినపడుతుంది.

వాళ్ళేమీ గొడవ చెయ్యలేదు. మేస్త్రి ఒక్కటే అడిగాడు, "ఇదంతా మీ అన్నగారికి ముందే తెలుసామ్మా?" అని.

తెలీదన్నాను.

నాకెందుకంత ఖర్మ చెప్పు? నోరు దానంతటదే అబద్ధమాడేసింది. "పాపం, ఆయన్నీ మోసం చేశారన్నమాట" అన్నాడు. నీ ముందున్న ఆ టీ ఆయన తెచ్చిపెట్టిందే.

తాగు.