ఎర్ర పెన్సిలు అంకె

గొతెన్‌బర్గ్‌లో పాత తపాలా సేకరణల పోటీ జరుగుతున్న ప్రదర్శన హాలులో జడ్జీలు పక్క వరుస దాకా వచ్చేశారు. అత్త తన పాత ఉత్తరాల అద్దాల చట్రం ముందు కళ్ళజోడు సర్దుకుంది. నిన్న వాటిని అమర్చిపెట్టిన మేనల్లుడు పక్కనే బన్ను నములుతున్నాడు.

“స్వీడనంతా గాలించినా ఇంత శుభ్రమైన ఉత్తరాలు దొరకవత్తా. పోస్టులో వేసిన రోజు కూడా ఇంత తెల్లగా ఉండి ఉండవు.”

“లీమా వెళ్ళిన ఈ కవరు మీద ఎర్ర పెన్సిలు అంకె ఏదిరా?”

“ఏ అంకె?”

“పరాయి దేశాల పోస్టుకి ఎంత వాటా పోవాలో అప్పటి మన పోస్టాఫీసు గుమాస్తా వేసిన అంకె! మెడల్ ఇచ్చేది దాన్ని చూసేరా. దానికోసమే ఇన్నేళ్ళు తిరిగాను.”

“నూట యాభై ఏళ్ళుంది కదా, విసుగొచ్చి వెళ్ళిపోయుంటుంది.”

“నిన్న పొద్దున నీ చేతికిచ్చినప్పుడు ఉంది.”

“అయితే మధ్యాహ్నం వెళ్ళుంటుంది.”

“నీ చొక్కా చేతికి ఆ ఎర్రపొడి ఏంటి?”

“బన్ను మీది దాల్చినచెక్క.”

“దాల్చినచెక్క ఎర్రగా ఉంటుందా? జేబులో ఏముందో తియ్యి.”

అతను రబ్బరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. అది సగానికి పైగా అరిగిపోయి ఉంది.

“పిల్లలెవరో గీశారనుకుని నేనే చెరిపేశానత్తా.”

“ఒక్క అంకెకే ఇంత అరిగిందా?”

జడ్జీల బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

“ఒక్కటి కాదత్తా... చట్రంలో ఉన్నవన్నీ.”