బ్రష్‌ఫోర్క్ పేరు చదవని ఆదివారం

కోతలు కొయ్యడంలో హోబర్ట్ స్కాగ్స్‌ని మించినవాడు ఆ కొండల్లో లేడు. బ్రష్‌ఫోర్క్ కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి ఏళ్ల తరబడి బస్సు తోలాడు. వయసు మీదపడి స్టీరింగైతే వదిలాడు గానీ నోరు వదల్లేదు.

ఆ ఆదివారం సాయంత్రం సగం ఊరు ఫైర్ స్టేషన్ హాల్లో టీవీ ముందు చేరింది. దేశంలోకెల్లా పెద్ద టోర్నమెంటుకి ఏయే కాలేజీలను పిలుస్తున్నారో చదివే రోజది. ఆర్డిత్ ప్రూయిట్ వెనక వరసలో కూచుంది, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగలేదు. ఆమె కూతురు కెండ్రా జట్టు కెప్టెన్. జట్టంతా కాలేజీ జిమ్‌లో కూచుని ఇదే చూస్తోంది. "నువ్వు పక్కనుంటే ఏడ్చేస్తానమ్మా, అక్కడ కెమెరాలుంటాయి" అని పిల్ల బతిమాలితే ఆర్డిత్ ఇటొచ్చింది.

ఏడాది పొడుగునా గెలిచారు పిల్లలు. తమ కాన్ఫరెన్స్ ఫైనల్లో, అంటే తమతో ఏటా ఆడే కాలేజీల గుంపు ఆఖరి ఆటలో, ఒక్క పాయింటుతో ఓడారు. చిన్న కాన్ఫరెన్స్‌లో గెలిచిన ఒక్కరికే చోటు ఖాయం. ఓడినవాళ్లకి ఇక పేర్లు ఎంచే కమిటీ దయే గతి. పెద్ద కాన్ఫరెన్స్‌ వాళ్లనైతే సగం ఆటలు ఓడినా పిలుస్తారు.

"మనం గట్టివాళ్లతో ఆడలేదట!" అన్నాడు మంగలి డెల్‌బర్ట్ కసిగా. "ఆడదాం రండ్రా అంటే ఆ గట్టివాళ్లు ఫోనే ఎత్తరాయె!"

"ఫోన్లు ఎవడిక్కావాలి? నేను సరాసరి కమిటీ దగ్గరికే వెళ్లొచ్చా," అన్నాడు హోబర్ట్, మాంసం కూరిన పెప్పరోనీ రొట్టె నముల్తూ.

నాలుగైదు కుర్చీలు అతని వైపు తిరిగాయి.

"వెనకటి జట్టప్పుడూ ఇదే అన్యాయం. పేరు చదవలా. ఊరికే నాలుగు మాటలు అడిగొద్దామని బస్సు తీశా. కమిటీ వాళ్లేమో ఇండియానాలో ఏదో హోటల్లో కూచున్నారు. దారంతా మంచు. మంచంటే అట్టాంటిట్టాంటి మంచు కాదు, వైపర్లు రెండూ పుటుక్కున విరిగాయి. కిటికీలోంచి తల బయటపెట్టి అద్దాన్ని నాలుకతో తుడుచుకుంటూ తోలా."

"ఆ చలికి నాలుక అద్దానికి అంటుకోలేదూ?" అన్నారెవరో.

"అంటుకుంది. అద్దంతో సహా పీకేశా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒహాయో నది మీద వంతెన లేదు, కూలిపోయింది. వెనక్కి తిరుగుదామంటే సందు లేదు. దేవుడా నీదే భారం అని తొక్కా. లేచింది చూడు బస్సు! కింద పడవల వాళ్లు టోపీలు తీసి దణ్ణాలు. నది దాటి, ఊళ్లు దాటి, కమిటీ గది కిటికీ పక్కన దిగింది. మూడో అంతస్తులో!"

హాలు గొల్లుమంది. ఆర్డిత్ కళ్లు టీవీ మీదే ఉన్నాయి. మొదట చదివిన పేర్లలో బ్రష్‌ఫోర్క్ లేదు. తర్వాతి వాటిలోనూ లేదు. మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా హోబర్ట్ అందుకుంటున్నాడు.

"లోపలికెళ్లి ఒకటే అడిగా. 'అయ్యా, పందెంలో గుర్రం పరుగు చూస్తారా, అది ఏ దొర కొట్టంలోదో చూస్తారా?' అంతే, కమిటీ కమిటీయంతా బావురుమంది. ఆ కన్నీళ్లు మెట్ల మీంచి పారి కింద పెళ్లివారి భోజనాల బల్లలు తేలిపోయాయి. పెళ్లికూతురు కేకు మీదెక్కి బతికింది! చివరికి పెద్దాయన నా కాళ్లు పట్టుకుని, 'స్కాగ్స్ గారూ, ఇకమీద మీ ఊరి పేరు వదిలేస్తే మా కళ్లు పోవాలి' అని ఒట్టేశాడు."

"ష్!" అన్నారెవరో.

చివరి పేరు చదివారు. పెద్ద కాన్ఫరెన్స్‌లో తొమ్మిదో స్థానంలో మిగిలిన కాలేజీ. తెర మీద ఆ పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు. క్షణం పాటు బ్రష్‌ఫోర్క్ జిమ్ కూడా చూపించారు. కెండ్రా నిటారుగా కూచుని ఉంది. పక్కన జట్టులోకెల్లా చిన్నపిల్ల ముఖం కప్పుకుంటే వీపు మీద చెయ్యేసి ఉంది. ఏడవలేదు.

ఎవరో టీవీ కట్టేశారు.

"మరి ఆ ఒట్టేమైంది హోబర్ట్?" అన్నాడు డెల్‌బర్ట్. గొంతులో వెటకారం లేదు.

"వీళ్లు కొత్తవాళ్లయ్యుంటార్రా. తీస్తా, మళ్లీ బస్సు తీస్తా. ఈసారి కమిటీ కాదు, ఏకంగా వాషింగ్టన్ వెళ్లి ప్రెసిడెంటుండే ఆ తెల్ల భవనాన్నే భుజానెత్తుకుని..."

"చాలు బాబాయ్," అంది ఆర్డిత్. "వెనకటి జట్టులో నేనున్నా. ఆ బస్సులో నేనున్నా."

అందరూ వెనక్కి తిరిగారు. ఆ ఏడాది గురించి ఆమె నోరు విప్పగా ఊళ్లో ఎవరూ వినలేదు.

"నువ్వు ఏ ఇండియానాకీ వెళ్లలేదు. జిమ్ గుమ్మం దాకా బస్సు తెచ్చి తలుపు తీశావు. ఎక్కాం. మా ఏడుపులు ఆగేదాకా కొండ రోడ్ల మీద తిప్పావు. మేం కనపడకుండా, వెనక సీట్లు చూసే అద్దం పైకి తిప్పేశావు. అంతసేపూ ఒక్క మాటనలేదు."

హోబర్ట్ ఒళ్లో పడ్డ రొట్టె పొడి దులుపుకున్నాడు.

"ఏమనాలో తోచలేదమ్మాయ్," అన్నాడు. "ఏదో ఒకటి అనాల్సింది. అప్పట్నుంచీ అంటూనే ఉన్నా."

ఆర్డిత్ లేచి కోటు వేసుకుంది. ముసలాడి కోటు కూడా కుర్చీ మీంచి తీసి చేతికిచ్చింది.

"పద, పిల్లల దగ్గరికెళ్దాం. ఏమీ అనక్కర్లేదు, కాసేపు పక్కన కూచో."

వీధి దాటి ఇద్దరూ జిమ్ దగ్గరికి నడిచారు. తలుపు దగ్గర హోబర్ట్ టోపీ తీసి చేత పట్టుకున్నాడు. లోపల కెమెరాలు వెళ్లిపోయాయి. పిల్లలు మాత్రం కుర్చీల్లోంచి ఇంకా లేవలేదు.