తొంభై ఏడు శాతం

తొంభై ఒక్క శాతం నేనే మాట్లాడానట! నన్నంటుందా ఆ మాట, ఆ ఫోను! టీచరన్నాక మాట్లాడక ఏం చేస్తుంది మేడం? నోరు తెరుచుకుని ఊరికే నిలబడ్డానికి నేనేమైనా తపాలా పెట్టెనా?

కూర్చోండి, కూర్చోండి. అది పిల్లల బెంచీ, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, ఏమనుకోకండి. మీ కెమెరా ఆయన ఇంకా తీగలు విప్పుకుంటూనే ఉన్నారు. మా పెద్దసారు పిల్లల్ని వరండాలో నిలబెట్టి తలలు దువ్విస్తున్నారు. ఎంత లేదన్నా అరగంట పడుతుంది. ఆ అరగంటలో మీకో మాట చెప్పాలి.

ఆర్నెల్లుగా మిమ్మల్ని ఫోన్లోనే విన్నాను. ‘నమస్కారం టీచర్, ఈ వారం మీ పాఠం అందింది’ అంటూ. గొంతు విని నలభై ఐదేళ్లావిడ అనుకున్నా సుమండీ. చూస్తే మా అమ్మాయి ఈడు. మిమ్మల్ని ‘మేడం’ అనాలా ‘అమ్మా’ అనాలా తెలియక పొద్దుట్నుంచీ తికమక పడుతున్నా.

వద్దు, మంచినీళ్లు వద్దు. ఇప్పుడు ఆగానంటే మళ్లీ ధైర్యం చాలదు.

ఈ బడికి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. అప్పుడు శిక్షణా గిక్షణా ఎవరడిగారు? చదువు వచ్చా, వచ్చు. పిల్లల్ని చూసుకోగలవా, చూసుకోగలను. రేపట్నుంచి రా అన్నారు. ఇప్పుడేమో శిక్షణ పాసైన కాగితం లేకపోతే వచ్చే ఏడు ఈ గది నీది కాదన్నారు. ఉద్యోగం మానుకుని కాలేజీకి పోలేం కదా, అందుకని చేతిలో ఫోనుతోనే శిక్షణ. మంచి ఆలోచనే. కాదని నేనెందుకంటాను?

పది పాఠాలు. ఫోను బల్ల మీద పెట్టి పాఠం చెప్పాలి. ఇరవై నిమిషాలు అది వింటుంది. టీచర్ గొంతు దానికి ముందే నేర్పించాం కాబట్టి దాన్ని పక్కకి తీస్తుంది. మిగతా చప్పుడంతా పిల్లల మాటల కింద కడుతుంది. పిల్లల మాటలు సగానికి పైన ఉంటే పాసు. అంతే కదా? నాకు బాగానే అర్థమైంది. ఎంత బాగా అర్థమైందో ఇప్పుడు చెబుతా.

మొదటి పాఠానికే ఆ తొంభై ఒకటి. కింద ఓ పసుపుపచ్చ మొహం, మూతి వేలాడేసుకుని. ‘మీరు కాస్త ఎక్కువ మాట్లాడుతున్నారు. ప్రయత్నిస్తూ ఉండండి.’

బుద్ధి గడ్డి తిని మా ఆయనకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ‘ఇరవై ఎనిమిదేళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇది ఇరవై నిమిషాల్లో పట్టేసిందే!’ అన్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. మర్నాడు మా ఆడపడుచు వచ్చి అది చదివి, ‘మిగతా తొమ్మిది శాతం ఎవరికి దొరికింది వదినా?’ అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

తర్వాత పాఠానికి ఎనభై ఎనిమిది. దాని తర్వాత మళ్లీ తొంభై. పెదాలు బిగించుకుని పాఠం చెప్పినా అంతే. నేను ప్రశ్న వేస్తాను. పిల్లలు నోరు తెరిచేలోపు జవాబూ నేనే చెప్పేస్తాను. ఆగితే గదిలో ఏదో వెలితిగా ఉంటుంది మేడం, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయినట్టు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా. నా ముందు నలభై రెండు మంది లోకువ.

అప్పుడు దేవుడిలా ఆదుకున్నాడు పక్కింటి గేట్లవాడు. ఆ గోడ అవతల ఇనప గేట్లు చేసే దుకాణం ఉంది, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. ఆ రోజు నేను భిన్నాలు చెబుతుంటే వాడు ఇనుము కోయడం మొదలుపెట్టాడు. నా మాట నాకే వినపడలేదు. ఎలాగూ పోయిన పాఠమే కదా అని పంపేశాను. పిల్లల భాగస్వామ్యం అరవై రెండు శాతం! పసుపు మొహం పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. సాయంత్రం మీరు కూడా ఫోన్లో అన్నారు, గుర్తుందా? ‘చూశారా టీచర్, మీరు వెనక్కి తగ్గితే పిల్లలు ముందుకొస్తారు’ అని.

పిల్లలు కాదమ్మా, కోత మిషను ముందుకొచ్చింది.

నవ్వండి పర్లేదు. నేనూ నవ్వుకున్నాను. మర్నాడు గేట్లవాడి దగ్గరికెళ్లి, ‘నాయనా, గురువారం పదకొండింటికి ఏమైనా కోస్తున్నావా?’ అని అడిగాను. వాడు బెదిరిపోయాడు పాపం, గొడవపడ్డానికి వచ్చాననుకుని. ‘చప్పుడవుతోందా టీచర్? ఆపేస్తాను’ అన్నాడు. ‘ఆపితే ఊరుకోను’ అన్నాను. అలా మొదటి మూడూ కూడా మళ్లీ రికార్డు చేసి పంపి, తొమ్మిది పాఠాలు గట్టెక్కాను. ఆ తొమ్మిదింటికీ మీరు ఇవ్వాల్సిన కాగితమేదో వాడికివ్వండి.

ఇదొక్కటే అయితే మీకు చెప్పేదాన్ని కాదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఆ మాత్రం నాకు తెలీదా?

పదో పాఠం. ఆఖరి తేదీ. సరిగ్గా దానికి ముందురోజు నా గొంతు పోయింది. డాక్టరు టార్చి వేసి చూసి, మూడు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు. మా ఆయన ఆ డాక్టరుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

గొంతు లేదని ఆగే తేదీ కాదుగా. ఫోను బల్ల మీద పెట్టి, బోర్డు మీద ప్రశ్న రాశాను. ‘తడిబట్ట నీడలో వేసినా ఆరుతుంది. అందులో నీళ్లు ఎక్కడికి పోతాయి?’ రాసి కూర్చున్నాను. ఎప్పుడూ అయితే ఈపాటికి ‘గాలిలోకి పోతాయర్రా, రాసుకోండి’ అనేసేదాన్ని. ఆ రోజు అనడానికి గొంతేదీ? గేట్లవాడికి కూడా ఆ రోజు కోత లేదు. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఇద్దరు గుసగుసలాడి ఆపేశారు. ఒకడు పెన్సిలు చెక్కుకున్నాడు. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎంతసేపలా గడిచిందో. అప్పుడు ఆ మూడో బెంచీ మీద, కిటికీ పక్కన, ఒక పిల్ల లేచి నిలబడింది.

ఆ పిల్ల గురించి చెప్పాలి. మేమంతా కిటికీ పిల్ల అంటాం. నా గదిలో రెండేళ్లుగా ఉంది. పేరు పిలిస్తే తలూపుతుంది, అంతే. ఏదైనా అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తుంది. ‘మందకొడి’ అని నా చేత్తో రెండుసార్లు రిపోర్టులో రాశాను. వాళ్లమ్మ లాడ్జీకి దుప్పట్లు ఉతుకుతుంది. ఆ రిపోర్టు చదివించుకుని వేలిముద్ర వేసి వెళ్లిపోయింది, ఒక్క మాట అనకుండా. తల్లీ కూతుళ్లిద్దరూ దొందూ దొందే అనుకున్నాను.

ఆ పిల్ల లేచి ఏమందో తెలుసా? ‘నీళ్లు గాలిలోకి పోతాయి టీచర్’ అంది. అని కూర్చోలేదు. ఇంకా ఆలోచిస్తోంది. నేను మామూలుగా అయితే ‘శభాష్, కూర్చో’ అనేదాన్ని. శభాష్ అనడానికి కూడా గొంతు లేదు. చూస్తూ ఉండిపోయాను. అప్పుడంది, ‘మరి వానాకాలం గాలి ముందే నిండిపోయి ఉంటుందా టీచర్? ఇంక చోటుండదా? అందుకేనా మా అమ్మ దుప్పట్లు మూడు రోజులైనా ఆరవు?’

మేడం, నేను ఇరవై ఆరేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. గాలి నిండిపోతుందేమోనని ఏ పిల్లా నన్ను అడగలేదు. అడగలేదా, నేను అడగనివ్వలేదా? నాకు కళ్లనీళ్లొచ్చాయి. గొంతునొప్పి అనుకున్నారు పిల్లలు. ఆ తర్వాత ఆ పిల్లే, ‘గాలి కదిలితే నిండిన గాలి పోయి ఖాళీ గాలి వస్తుందేమో, అందుకే మా అమ్మ ఫ్యాను కింద వేస్తుంది’ అని, మళ్లీ ఆగి ఆగి... ఎంత సన్నటి గొంతనుకున్నారు! నేను లేచి వెళ్లి ఆ బెంచీ పక్కన నిలబడి విన్నాను. నా జన్మలో నేను చెప్పిన మంచి పాఠం అదే. అందులో నేను ఒక్క మాటా చెప్పలేదు.

ఆ రికార్డు పంపాను. రెండు నిమిషాల్లో జవాబు. ‘తరగతిలో శబ్దం లేదు. ఈ రికార్డు చెల్లదు. దయచేసి నిజమైన తరగతిని పంపండి.’

నిజమైన తరగతి! మీకు ఫోను చేద్దామనుకున్నాను. గొంతు లేదు కదా, మెసేజి పెట్టాను. మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. మిమ్మల్ని అనడం లేదమ్మా. నాలుగొందల మంది టీచర్లు మీ ఒక్కరి నెత్తిన ఉన్నారని నాకు తెలుసు. సాయంత్రం ఆరింటితో గడువు అయిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడు గుర్తొచ్చింది, అంతకు నెల ముందు నేను ఆపడం మర్చిపోయిన రికార్డు ఒకటి ఫోన్లో ఉందని.

అదిగో ఆ చార్టుల బీరువా చూశారా? పోయినసారి శిక్షణకి మీవాళ్లు పంపిన పుస్తకాలన్నీ అందులోనే ఉండేవి. వాటిని ఆసాంతం నమిలి జీర్ణించుకున్నది ఈ బడి మొత్తంలో ఒక్క ఎలుకే. ఆ రికార్డు రోజు అది బయటికొచ్చింది. ఇరవై నిమిషాలు! ‘అదిగో అటు! కాదు ఇటు! బల్ల కింద! పైకి ఎక్కింది!’ అని నలభై రెండు మందీ ఒకటే గోల. నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను, నోట మాట రాక. దాన్ని పంపించాను మేడం. పాఠం పేరు రాయమంటే ‘దిక్కులు’ అని రాశాను.

తొంభై ఏడు శాతం. పసుపు మొహం మీద రంగు కాగితాలు కురిశాయి. మీరు దాన్నే ఆదర్శ పాఠమని అందరికీ పంపించారు. నాలుగొందల మంది విన్నారు, ఎన్నెన్ని రాశారు! ‘పిల్లల్లో జిజ్ఞాస ఉట్టిపడుతోంది’ అని ఒకాయన. ‘టీచర్ తనను తాను పూర్తిగా తగ్గించుకున్నారు’ అని ఒకావిడ. తగ్గించుకోలేదమ్మా, కుర్చీ ఎక్కాను.

చెబుదామనుకున్నాను. ఒట్టు. ఆలోపు పెద్దసారు గేటుకి బ్యానరు కట్టించేశారు. మా ఆయన ఫ్రిజ్ మీద పాత కాగితం తీసేసి తొంభై ఏడు అంటించాడు. నాకు కాగితం వస్తోంది, గది మిగులుతోంది. నోరు మూతపడని దాన్ని, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నోరు మూసుకున్నాను.

నాలుగో రోజుకి గొంతొచ్చింది, ఆ రోజే కిటికీ పిల్ల మళ్లీ చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడే పెద్దసారు తొంభై ఏడు కబురు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ‘ఆగమ్మా కాసేపు’ అన్నాను ఆ పిల్లతో. చెయ్యి దించేసింది. ఏమడగబోయిందో నాకు తెలీదు. తర్వాత నేనే రెండుసార్లు లేపి అడిగాను. కిటికీలోంచి బయటికి చూసింది.

ఎక్కడుందా? చూద్దురుగాని... లేదు, చూడలేరు. ఆ బెంచీ ఇవాళ ఖాళీ. నలభై ఒక్కమందే ఉన్నారు వరండాలో.

నిన్న పెద్దసారు, కెమెరా వస్తోంది కాబట్టి గట్టిగా మాట్లాడేవాళ్లని ముందు కూర్చోబెట్టమన్నారు. మాట్లాడని వాళ్ల సంగతి ఆయనేం అనలేదు. అంతా ఆయన మీదికి తొయ్యను. నేనే అనుకున్నాను. కెమెరా ఆ పిల్ల మొహం మీద ఆగితే, మీరు ఏదైనా అడిగితే, అది నోరు విప్పకపోతే, నా తొంభై ఏడు ఏం కావాలి? బడి వదిలాక పిలిచి, ‘రేపు ఒక్కరోజు రాకు తల్లీ’ అన్నాను.

ఎందుకని అడగలేదు. అడిగే పిల్లే మేడం అది, గాలి నిండిపోతుందా అని అడిగిన పిల్ల! ‘సరే టీచర్’ అంది. ఆ పదో పాఠం తర్వాత ఈ రెండు నెలల్లో ఆ పిల్ల నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే.

అదిగో, మీ కెమెరా ఆయన పిలుస్తున్నారు. పిల్లలు సిద్ధంగా ఉన్నారు. ఎలుక లేకపోయినా అరుస్తారు, నిన్న రెండు గంటలు నేర్పించాను. ఆదర్శ పాఠమని వీడియో తీసుకుంటానంటే తీసుకోండి. లేదు, రాసుకుంటానంటే జరిగింది జరిగినట్టు రాసుకోండి, సంతకం పెడతాను. గది పోతే పోతుంది. ఆ దుప్పట్లావిడ ఇల్లు ఈ సందు చివరే, ఇప్పుడే వెళ్లి పిల్లని తీసుకురమ్మన్నా వెళతాను. తెచ్చాక అది మాట్లాడుతుందని మాత్రం మాటివ్వలేను.

ఏం మేడం? మీకూ మాట రావట్లేదా?

పర్వాలేదు, తొందరేం లేదు. ఆగుతాను. మీ శిక్షణలో నాకు వచ్చింది ఈ ఆగడం ఒక్కటే. అదీ గొంతు పోతేగాని రాలేదు.