పెద్దవాళ్ళు చెంచా ఎత్తితేనే

కుట్టుమిషన్ల గది వెనకాల చిన్న పడకగది. అక్క సంచి సర్దుతోంది. చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఆ చీర తీసి బయట పెట్టక్కా. రేపు వెళ్దువుగాని.”

“నాలుగింటి బస్సు. జరుగు, ఆ తువ్వాలు ఇలా ఇవ్వు.”

“పదకొండేళ్ళకి కన్నకూతురు మొగుణ్ణీ పిల్లాణ్ణీ తీసుకుని వస్తే...”

“నేను రమ్మన్నానా? నువ్వు పిలిచావు. జాకెట్లు కుడతాను రా అక్కా అన్నావు, వచ్చాను. నా కొలతలు తీయడానికి ఇంతమందా?”

“చెబితే వచ్చేదానివా?”

“రాను.”

“మరి? సరే, తిట్టు. తిట్టి బల్ల దగ్గరికి రా. గుడ్డలు కత్తిరించే బల్లంతా ఖాళీ చేసి వడ్డించాను. అల్లుడు పొద్దుట్నుంచీ వండుతూనే ఉన్నాడు. అన్నీ చల్లారిపోతున్నాయి.”

“తినమను. నోళ్ళు కట్టేశానా?”

“తినరక్కా. అల్లుడిది కొరియా కదా, వాళ్ళ పద్ధతట. పెద్దవాళ్ళు చెంచా ఎత్తితేనే మిగతావాళ్ళు ముట్టేది.”

“అక్కడ పెద్దెవరు?”

“నువ్వే.”

“అలాగా. మంచి పద్ధతే.”

“నవ్వుతావేంటి?”

“నేనెత్తను. ఎంతసేపు కూర్చుంటారో కూర్చోనీ.”

“పోనీ, ఇది రుచి చూడు. గిన్నెలో తెచ్చాను. కిమ్చీ అంటారు. క్యాబేజీయే.”

“పులిసిపోయిందే!”

“పులవాలి. నెలన్నర జాడీలో ఊరబెట్టి తెచ్చాడు, అత్తగారి కోసమని.”

“కారం బాగానే దట్టించాడు. వెల్లుల్లి కూడా... ఇంకో ముక్క పడెయ్.”

“బాగుందా?”

“బాగుంది. అందుకే ఒళ్ళు మండుతోంది.”

“తిన్నావుగా! వాళ్ళని మొదలుపెట్టమననా?”

“నిలబడి నంజుకుంటే లెక్కా? చెంచా ఎత్తానా నేను?”

“పిల్లాడు ఆకలంటున్నాడక్కా.”

“వాడికి పెట్టవే. వాడు నాకేం అపకారం చేశాడు?”

“పెట్టాను. అమ్మమ్మ తింటేనే అంటున్నాడు.”

“మొండివాడు. ఎవరి పోలికో.”

“ఎవరి పోలికో నీకు తెలీదూ? రా అక్కా, ఒక్క మెతుకు. దాని తప్పల్లా మనసుపడ్డవాడితో వెళ్ళడమేగా. బావే ఉంటే ఈపాటికి కడుపులో పెట్టుకునేవాడు.”

“ఆయన మాట నీ నోట రానివ్వకు.”

“ఏమన్నాను? మంచిమాటేగా...”

“దాని మీద కోపం పొద్దునే పోయిందే. పిల్లాడి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడితే, అక్కడే పోయింది. నా కోపం నీ మీద. నీ విందు నీ కళ్ళముందే చల్లారాలి.”

“నా మీదా? నేనేం చేశాను?”

“అది వెళ్ళిన రోజు మీ బావ ఫోన్ చేసి, ఎటెళ్ళిందని అడిగితే ఏం చెప్పావు?”

“నాకు... నాకు తెలీదని.”

“కొండదారి బస్సెక్కిందన్నావు. నేను పక్కనే ఉన్నాను. ఇన్నేళ్ళూ నువ్వూ పొరబడ్డావనుకున్నాను. పొద్దున నువ్వు లేనప్పుడు అది చెప్పింది, పిన్ని చలవే అని నీ పేరున దండం పెడుతూ. టికెట్ తీసి రేవులో పడవెక్కించింది నువ్వేనట.”

“పడవ కదిలేదాకా బావని అటు తిప్పుదామనుకున్నానక్కా. అంతే. ఒట్టు, అంతే...”

“వాన, వద్దన్నాను. మరదలు అబద్ధమాడదు అన్నాడు. పదకొండేళ్ళ కిందట, జూలై పద్నాలుగు, మధ్యాహ్నం రెండింటికి స్కూటరు తీసుకుని కొండదారి పట్టిన మీ బావ తిరిగి రాలేదు.”